పాకలో తేమ మీటరుకు ఉప్పు పరీక్ష

గుంటూరు పక్కన మా పాకలో ఫ్యాన్లు పొద్దంతా తిరిగినా ఆవులు నోరు తెరిచి రొప్పేవి. గుమ్మం దగ్గర వేలాడదీసిన మీటరు మాత్రం తేమ 58 శాతమే అని చూపించేది. తప్పు మీటరుదీ, దాన్ని కట్టిన చోటుదీ.

ముందు మీటరును పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు కలపాలి; కరిగిపోకూడదు. దాన్నీ మీటరునూ గాలి చొరని డబ్బాలో పెట్టి ఎనిమిది గంటలు నీడలో ఉంచితే 75 దగ్గర నిలవాలి. మాది 68 చూపింది. అప్పటి నుంచి 7 కలుపుకొని చదువుతున్నాను.

తర్వాత పాక మధ్యలో, ఆవు తల ఎత్తులో, నాలుకకు అందకుండా కట్టాలి. (మొదటి మీటరును మా ఎర్రావు నాకి పాడుచేసింది.) తేమ 80 దాటితే చల్లిన నీరు త్వరగా ఆరదు, అందుకే చల్లడం ఆపి ఫ్యాన్లు మాత్రమే వేస్తున్నాను. అనుమానం వస్తే నీడలో నిలబడ్డ ఆవు ఊపిరికి డొక్క ఎన్నిసార్లు కదిలిందో అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. 60 దాటితే, మీటరు ఏమి చూపినా, ఆవుకు వేడి ఎక్కువైనట్టే.

ఒక్క జాగ్రత్త: ఈ మీటరుకు అమ్మోనియా తెలియదు. మన ముక్కూ ఆ ఘాటుకు త్వరగా అలవాటుపడుతుంది. కాబట్టి తెల్లవారుజామున, పరదాలు ఎత్తకముందే, లోపలికి వెళ్లగానే గొంతుక్కూర్చుని, పడుకున్న ఆవు ముక్కు ఎత్తులో గాలి పీల్చండి. కళ్లు మండితే తడిసిన గడ్డి, పేడ ఆ పూటే ఎత్తేయాలి.