ట్రావెల్ ట్రైలర్ లాగేటప్పుడు ఎయిర్ బ్యాగులు ఎలా వాడాలి?

అమెరికాలో పికప్ ట్రక్కుకు ట్రావెల్ ట్రైలర్ (చక్రాల మీద నడిచే చిన్న ఇల్లు) తగిలించుకున్న మనవాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న: "వెనక కుంగుతోందండీ, ఎయిర్ బ్యాగులు వేయించమంటారా?" వేయించండి. కానీ వాటిని జాకీలా వాడకండి. (ప్రమాదంలో ముఖం ముందు తెరుచుకునేవి కావు, వెనక ఇరుసుకూ ఛాసీకీ మధ్య కూర్చునే రబ్బరు గాలితిత్తులు.)

డ్రైవర్ తలుపు చట్రానికి అంటించిన చీటీ చూడండి. ట్రక్కు మోయగల బరువు అంతే; బ్యాగులు వేస్తే ఒక్క పౌండు కూడా పెరగదు. హిచ్ (ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడే టంగ్ వెయిట్ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 6,500 పౌండ్ల ట్రైలర్‌కు 650 నుంచి 975. దానికి ఇంటిల్లిపాదినీ, బియ్యం బస్తానూ కలిపితే చీటీ దాటుతోందా? అయితే పెద్ద ట్రక్కు చూసుకోండి.

బిగించడం ఒక పూట పని. గొట్టాలు సైలెన్సర్‌కు తగలకూడదు, అతుకుల దగ్గర సబ్బునీళ్లు పోసి బుడగలు చూడాలి. కుడి ఎడమలకు విడివిడి వాల్వులే పెట్టించండి. ఫోనుతో నడిచే కంప్రెసర్లు నాకు గిట్టవు. సైకిల్ పంపుతో అయ్యే పనికి అన్ని వైర్లు ఎందుకు?

ఇక అందరూ చెడగొట్టే ఘట్టం.

ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది కదా, ఇక్కడా అంతే. హిచ్ బాల్ (ట్రైలర్ మూతి కూర్చునే గుండు) వెనక ఇరుసుకు అవతల ఉంటుంది. దాని మీద బరువు పడగానే ముందు చక్రాలు తేలికవుతాయి. బ్యాగుల్లో గాలి కొడితే వెనక భాగం లేస్తుంది, చూడటానికి ట్రక్కు సమంగా ఉంటుంది, కానీ పోయిన బరువు ముందుకు తిరిగి రాదు. దాన్ని తెచ్చేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువును ముందు ఇరుసుకూ పంచే హిచ్) లోని స్ప్రింగ్ బార్లు అనే ఉక్కు కడ్డీలే. ఒకసారి ఒక షాపువాళ్లు నా బ్యాగుల్లో 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి, "చూడండి, గీత గీసినట్టుంది" అని పంపారు. టెక్సస్‌లో ఐ-40 హైవే మీద అమరిల్లో ఊరు దాటాక పక్కగాలి తగిలేసరికి స్టీరింగ్ చేతిలో ఉన్నట్టే అనిపించలేదు.

కాబట్టి వరుస ఇది. చదునైన చోట సామానుతో, మనుషులతో, ట్రైలర్ లేకుండా ట్రక్కు నిలపండి. బ్యాగుల్లో కనీస గాలే ఉంచండి. చాలా కిట్లకు అది 5 పీఎస్‌ఐ, సున్నా మాత్రం కాదు. నేల నుంచి ముందు మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచి కాగితం మీద రాయండి. 38 అంగుళాలు అనుకుందాం. బార్లు లేకుండా ట్రైలర్ తగిలించి మళ్లీ కొలవండి: 39½. ఇప్పుడు బార్లు బిగించి ఆ అంగుళన్నరను వెనక్కి తీసుకురండి. మొత్తమా, సగమా అన్నది ట్రక్కు మాన్యువల్ చెబుతుంది. సగం చాలనే కంపెనీలూ ఉన్నాయి.

గాలి సంగతి ఆ తర్వాతే. ఐదేసి పీఎస్‌ఐ చొప్పున కొట్టి, ప్రతిసారీ ముందు మడ్‌గార్డ్ కొలవండి. వెనక లేచేకొద్దీ బార్లు వదులవుతాయి, ముందు భాగం మళ్లీ పైకి పోతుంది. పోతే బార్లే ఇంకాస్త బిగించాలి. నా ట్రక్కుకు 20 దాటి ఎప్పుడూ అవసరం రాలేదు. మీకు 60 కావాల్సి వస్తోందంటే తప్పు బార్లలోనో, సామాను సర్దడంలోనో ఉంది. ముందు గాలి నింపి, తర్వాత బార్లు పెట్టాలనేవాళ్లు ఉన్నారు. నా లెక్కలో అది తలకిందుల పని.

టేపు కొలతతో తృప్తి పడకుండా ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేల్ (బండిని తూచే కాటా) ఎక్కించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ బరువులు విడివిడిగా వస్తాయి. ట్రైలర్ లేకుండా కూడా ఒకసారి తూచి, ఆ కాటా చీటీ పక్కన పెట్టి ముందు ఇరుసు అంకె పోల్చండి.

ప్రయాణం రోజు పొద్దున్నే గేజ్ పెట్టండి, గంటగంటకూ వద్దు. బ్యాగులో ఉండే గాలే కొంచెం, గేజ్ పెట్టిన ప్రతిసారీ కొంత పోతుంది. ట్రైలర్ విప్పాక గాలి మళ్లీ 5కు దించండి, లేకపోతే ఖాళీ ట్రక్కు ప్రతి గతుకుకీ ఎగిరి పడుతుంది.