ఉత్తరాంధ్ర వంట, 4వ పాఠం: ఆవ పెట్టిన పనసపొట్టు కూర

పోయిన పాఠంలో అరటికాయకు ఆవ, అంటే పచ్చి ఆవాలు నూరిన ముద్ద, పెట్టాం. అరటికాయ మెత్తనిది, ఆవలో చిన్న తేడా వచ్చినా తనలో కలిపేసుకుంటుంది. పనసపొట్టు అలా కాదు. దానికి పీచు ఎక్కువ, సొంత రుచి తక్కువ. మీరు పెట్టిన ఆవే దాని రుచి, కాబట్టి ఈ పాఠంలో సగానికి పైగా ఆవ గురించే.

ముందు కాయ. మాఘం దాటాక శ్రీకాకుళం, విజయనగరం సంతల్లోకి లేత పనసకాయలు దిగుతాయి. ఎక్కువగా వచ్చేది శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న ఉద్దానం నుంచే: సోంపేట, కవిటి, కంచిలి, మందస వైపు తోటల నుంచి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అక్కడి కొబ్బరి, జీడి, పనస చెట్లను పెళ్లగించేసింది. పనస మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఆ తోటల కాయ దొరికితే ముక్క కూడా పారేయకుండా వండుకోవాలి.

పొట్టుకు రెండు కిలోల లోపు కాయ చాలు. పైన ముళ్లు దగ్గర దగ్గరగా, ఆకుపచ్చగా ఉండాలి. అమ్మేవాళ్లను ఒక చెక్క కోసి చూపించమనండి. లోపల గింజ తెల్లగా ఉండి గోరుకు తెగితే అది పొట్టు కాయ. గింజ మీద పెంకు గట్టిపడితే దాన్ని ముక్కల కూరకు ఉంచుకోండి, పొట్టుకు వద్దు. ఎంత కొట్టినా పెంకు పలుకులు పంటికి తగులుతాయి.

సంతలో కొట్టించుకుంటే పని తేలిక. ఇంట్లో కొట్టాలంటే చేతులకు, కత్తికి, పీటకు నువ్వులనూనె పట్టించాలి. పనస పాలు నీళ్లకు వదలవు, నూనెకే వదులుతాయి. ముళ్ల చెక్కు మందంగా తీసి, నడిమి గట్టి కాడ కోసేసి, అంగుళం ముక్కలు చేసి, బరువైన కత్తితో సన్నగా కొట్టండి. మిక్సీలో వేస్తే రెండుసార్లు తిప్పి ఆపేయాలి, మూడోసారికి పిండి అవుతుంది. కొట్టిన పొట్టును వెంటనే పసుపు కలిపిన నీళ్లలో వేయండి. గాలి తగిలితే పది నిమిషాల్లో నల్లబడుతుంది.

కొలతలు నలుగురికి: పొట్టు అర కిలో, పెద్ద నిమ్మకాయంత చింతపండు, పచ్చిమిర్చి 4, అంగుళం అల్లం, కరివేపాకు రెండు రెబ్బలు. పోపుకు నూనె నాలుగు పెద్ద చెంచాలు, శనగపప్పు, మినప్పప్పు రెండేసి చిన్న చెంచాలు, ఆవాలు ఒక చిన్న చెంచా, ఎండుమిర్చి 3, ఇంగువ, ఇష్టమైతే పలాస జీడిపప్పు పదిహేను బద్దలు. ఆవకు ఆవాలు రెండు చిన్న చెంచాలు, ఎండుమిర్చి 2, పావు చెంచా ఉప్పు.

పొట్టు ఉడికించడం: గ్లాసున్నర నీళ్లు మరిగాక పొట్టు, అర చెంచా పసుపు, చెంచా ఉప్పు వేసి, మూత పెట్టి, నడి సెగ మీద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలపండి. పీచు విడివిడిగా నలగాలి, ముద్ద కాకూడదు. చింతపండు పులుసు ఇప్పుడే పోయకండి, పులుపు పడితే కూర త్వరగా మెత్తబడదు. ఉడికాక చిల్లుల గిన్నెలో వంచి, చల్లారనిచ్చి, గుప్పెళ్లుగా గట్టిగా పిండండి. ఈ పిండటం దగ్గర బద్ధకిస్తే కూర జావగా తేలుతుంది, ఆవ పలచబడుతుంది, సాయంత్రానికి పాడవుతుంది.

ఇక ఆవ. ఒక ఎండు ఆవగింజను పంటికింద నొక్కి చూడండి. ముందు చేదు, కాసేపటికి ఘాటు. గింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. నలిగి, తడి తగిలాక, గింజలోనే ఉన్న ఒక ఎంజైము దాన్ని పుట్టిస్తుంది. ఆ ఎంజైముకు వేడి పడదు. వేణ్నీళ్లతో నూరితే, లేదా పొగలు కక్కే కూరలో కలిపితే, ఘాటు పోయి చేదు ఒక్కటే మిగులుతుంది. “మా ఇంట్లో ఆవ చేదొస్తోంది” అనేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఆవాలు మంచివి కావని మారుస్తారు, వేడి సంగతి చూడరు.

ఆవాలు, మిర్చి చల్లటి నీళ్లలో పావుగంట నానబెట్టండి. నీళ్లు వంచేసి, ఉప్పు వేసి, చెంచా చెంచా చల్లటి నీళ్లు చిలకరిస్తూ నూరండి. రోలైతే ఎంతో మేలు. చిన్న జారైతే పది సెకన్లు తిప్పి ఆపి, గోడలకు అంటింది దించి, మళ్లీ తిప్పండి. ఏకధాటిగా తిప్పితే జారు వేడెక్కుతుంది. ముద్ద పసుపు తెలుపుగా, కాస్త గరుకుగా ఉన్నప్పుడే ఆపి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. మూత తీయగానే వాసన ముక్కుకెక్కి కంట్లో నీరు తిరిగిందంటే ఆవ కుదిరినట్టు. పులుపు ఈ పది నిమిషాల తరవాతే కలవాలి. ముందే కలిస్తే ఘాటు పుట్టడం నెమ్మదిస్తుంది, తరవాత కలిస్తే పుట్టిన ఘాటును నిలబెడుతుంది.

ఆవ ఊరేలోగా పోపు పెట్టండి. పప్పులు, జీడిపప్పు ఎర్రబడ్డాక ఆవాలు, మిర్చి, ఇంగువ, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు. ఈ ఆవాలు నూనెలో చిటపటలాడి కమ్మదనాన్ని మాత్రం ఇస్తాయి. ఒకే గింజ, ఒకే కూరలో రెండు పనులు. చిక్కటి చింతపండు గుజ్జు పోసి, పచ్చివాసన పోయి నూనె పక్కకు తేలేదాకా ఉడికించి, పొట్టు వేయండి. ఉప్పు సరిచూసి, ఐదు నిమిషాలు సన్న సెగ మీద పొడిపొడిగా వేయించి దించేయండి. అర చెంచా బెల్లం వేయడం ఈ ప్రాంతపు అలవాటు. వేయడమే మంచిది, పులుపు అంచును తగ్గిస్తుంది.

దించిన కూరను వెడల్పు పళ్లెంలో పరిచి, చెయ్యి పెడితే గోరువెచ్చన కూడా తెలియనంత చల్లారనివ్వండి. అప్పుడు ఆవముద్ద, చెంచా పచ్చి నువ్వులనూనె వేసి చేత్తో అడుగు నుంచి కలపండి. గంట ఊరాక వడ్డించండి. మర్నాడు ఉదయానికి ఇంకా బాగుంటుంది. మళ్లీ వేడి చేయకండి, వేడన్నంలో కలుపుకోవడమే.

ఘాటు తక్కువైతే అర చెంచా ఆవ నూరి, పది నిమిషాలు ఉంచి కలిపితే సరిపోతుంది. ఎక్కువైతే ఉడికించి పిండిన పొట్టు ఇంకాస్త కలపండి. అందుకే వండేటప్పుడు గుప్పెడు పక్కన ఉంచుకోవడం మంచిది.

వచ్చే పాఠం కంద బచ్చలి. కంద ముందురోజే కొని ఉంచండి, దురద తీసే పద్ధతితో మొదలుపెడదాం.