పాత ట్రాక్టర్ ఇంజన్ మొదటిసారి విప్పుతున్నారా? ముందు ఇది చదవండి

ఇంజన్ విప్పడం కష్టమేమీ కాదు. పానా చేతికిస్తే ఎవరైనా విప్పేస్తారు. మళ్లీ బిగించడానికి వీలుగా విప్పడమే అసలు పని. గోనెసంచి నిండా బోల్టులు, నూనె కారుతున్న ఇనుప ముక్కలు తెచ్చి పడేసి, "అన్నీ ఉన్నాయి, కాస్త బిగించి పెట్టండి" అనేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. సామాను అంతా ఉండవచ్చు. ఏ క్యాప్ ఏ రాడ్‌దో, ఏ షెల్ పైదో, ఏది కిందదో మాత్రం ఆ సంచిలో ఎంత వెతికినా దొరకదు. (రాడ్ అంటే పిస్టన్‌ను కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కడ్డీ. క్యాప్ దాని కింది కంటికి బిగించే సగం ముక్క. షెల్ ఆ కంటి లోపల కూర్చునే సగం బేరింగ్.)

ఇంకో సంగతి. ఇంజన్ ఎందుకు పాడైందో తెలిసేది విప్పేటప్పుడే. చాలామంది ఉత్సాహం కొద్దీ తీసిన భాగాన్ని తీసినట్టే డీజిల్‌లో ముంచి తళతళలాడేలా కడిగేస్తారు. మసి ఎక్కడ పేరుకుంది, నీటి చార ఎక్కడ పడింది, ఏ షెల్ ఏ వైపు అరిగింది అన్నవన్నీ ఆ డీజిల్‌లోనే కలిసిపోతాయి. ముందు చూడాలి, తరువాత రాసుకోవాలి, ఆ తరువాతే కడగాలి.

కావలసినవి

రింగు పానాలు, సాకెట్ సెట్టు, పొడవాటి హ్యాండిల్, రబ్బరు సుత్తి, మామూలు సుత్తి, సెంటర్ పంచ్ (లోహం మీద చుక్క కొట్టే మొనదేలిన కడ్డీ), ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచటి రేకులు), వెడల్పాటి ట్రేలు, జాకీ, బలమైన స్టాండ్లు, చెక్క దిమ్మలు, అట్టముక్కలు, మార్కర్. వీటితోపాటు మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్. అది లేకుండా మొదలుపెట్టకండి. ఓపెన్ పానాను పైపుల నట్లకు తప్ప వాడకండి. అది రెండు అంచుల మీదే పట్టు పడుతుంది, తుప్పు పట్టిన బోల్టు తలను గుండ్రంగా చేసి వదులుతుంది.

గాలితో తిరిగే ఇంపాక్ట్ గన్ కూడా వద్దు. దానితో పని తొందరగా అవుతుందంటారు. అవుతుంది, బోల్టు విరగడం కూడా తొందరగానే అవుతుంది. చేత్తో తిప్పుతున్నప్పుడు బోల్టు వదులవుతోందా, మెలి తిరుగుతోందా అన్నది అరచేతికి తెలుస్తుంది. రబ్బరులా సాగుతున్నట్టు అనిపిస్తే ఆపి, తుప్పు వదిలించే నూనె వేసి, రాత్రంతా వదిలేయండి. మరునాడు కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ బిగించి తీయండి. సైలెన్సర్ వైపు మానిఫోల్డ్ స్టడ్‌లు చాలాసార్లు నూనెకు లొంగవు, అప్పుడు వాటి నట్లను వేడి చేయాల్సిందే. డీజిల్ పైపులు, ట్యాంకు పక్కన ఉండగా మంట పెట్టకండి. అవన్నీ తీశాకే ఆ పని.

ఫోటోల గురించి ఒక మాట. ఫోన్‌తో ఫోటోలు తీయండి, మంచిదే. కానీ ఫోటోలో బోల్టు పొడవు తెలియదు. అట్టముక్క మీద ఆ భాగం బొమ్మ వంకరటింకరగానైనా గీసి, బోల్టు ఉన్న చోటల్లా కన్నం పొడిచి, తీసిన బోల్టును తీసినట్టే అందులో గుచ్చండి. టైమింగ్ కవర్ (టైమింగ్ గేర్లను కప్పే మూత) బోల్టులు చాలా ఇంజన్లలో ఒకే పొడవు ఉండవు. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడవుది పెట్టి బిగిస్తే లోపల గేరుకు తగులుతుంది, లేదా పోత ఇనుము పగులుతుంది. సంచుల్లో వేసి చీటీలు అంటించే పద్ధతి కూడా ఉంది. నూనె చేతులతో ముట్టుకున్న చీటీ ఎన్నాళ్లు అంటుకుని ఉంటుందో మీరే ఊహించుకోండి.

దించాలా, ఉన్నచోటే విప్పాలా?

చాలా ట్రాక్టర్లకు కారుకు ఉన్నట్టు విడిగా చట్రం ఉండదు. ముందు ఇరుసు సపోర్టు ఇంజన్ ముందు భాగానికి, క్లచ్ హౌసింగ్ వెనక భాగానికి నేరుగా బిగించి ఉంటాయి. ఇంజన్ దించడమంటే బండిని విడదీయడమే. హెడ్డు (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) పని మాత్రమే అయితే దించనక్కర్లేదు. పిస్టన్లు తీయాలంటే సంపు (ఇంజన్ అడుగున నూనె ఉండే తొట్టి) తీయాలి. కొన్ని మోడళ్లలో ఆ సంపే మందపాటి పోత ఇనుముతో చేసి, బండి బరువు మోసేలా ఉంటుంది. మీది అలాంటిదేమో మాన్యువల్‌లో చూసుకోకుండా కింద పడుకుని బోల్టులు విప్పకండి.

విడదీయాల్సి వస్తే రెండు ముక్కలకూ విడివిడిగా స్టాండ్లు పెట్టాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ముందు ఇరుసు మధ్య పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుందన్న సంగతి కొత్తవాళ్లకు తట్టదు. ఇరుసుకూ పైనున్న సపోర్టుకూ మధ్య రెండు వైపులా చెక్క ముక్కలు బిగుతుగా కొట్టాకే విడదీయండి. లేకపోతే ముందు భాగం మొత్తం పక్కకు ఒరిగిపోతుంది.

నూనె, నీళ్లు, డీజిల్

బ్యాటరీ మైనస్ తీగ ముందు తీయండి. ఇంజన్ బయట మట్టి, జిడ్డు గీకి కడగండి. చూడకముందే కడగమని నేను చెప్పేది ఇది ఒక్కటే. రేడియేటర్ నీళ్లు దించండి.

ఇంజన్ ఆయిల్ దించేముందు బండిని ఒక రాత్రి కదపకుండా ఉంచండి. నూనెలో నీళ్లు కలిసి ఉంటే అడుగుకు చేరతాయి, ప్లగ్గు వదులు చేయగానే ముందు అవే వస్తాయి. హెడ్ గాస్కెట్ గానీ, లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) కింది రబ్బరు రింగులు గానీ పోయి ఉండవచ్చని, లేదా ఎక్కడో పగులు ఉండవచ్చని అప్పుడే తెలిసిపోతుంది. నూనెను పలచటి గుడ్డలో వడకట్టి, మిగిలిన నలుసుల దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము, ఉక్కు. అంటుకోకుండా రాగి రంగులో మెరిస్తే బేరింగో బుష్షో అరిగినట్టు.

డీజిల్ పైపులు తీసిన ప్రతి చోటా, పంపు వైపూ ఇంజెక్టర్ వైపూ, వెంటనే మూతలు పెట్టండి. ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోతే చాలు. ఇంజెక్షన్ పంపు తీసేముందు దాని ఫ్లాంజి మీద, ఇంజన్ మీద కలిసేలా ఒక గీత గీసుకోండి. పంపును మాత్రం విప్పకండి. దాన్ని విప్పి బిగించినవాళ్లు టెస్ట్ బెంచి మీద పెట్టి సరిచేయాలి, అది మీ షెడ్డులో ఉండదు.

పైభాగం

ఒకటో సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ మీద (రెండు వాల్వులూ మూసి ఉండగా) పై చివరకు తెచ్చి ఆపండి. రాకర్ షాఫ్ట్ (వాల్వులను నొక్కే రాకర్లు ఉండే కడ్డీ) బోల్టులు ఒక్కొక్కటి అర చుట్టు చొప్పున వరుసగా వదులు చేయండి, కింద స్ప్రింగులు ఒత్తుతుంటాయి. పుష్ రాడ్లను (రాకర్లను కింది నుంచి నెట్టే సన్నటి కడ్డీలు) కొంచెం మెలితిప్పి తీయండి. నేరుగా లాగితే నూనె పట్టుకు కింది ట్యాపెట్ కూడా లేచి వస్తుంది. తీసిన వరుసలోనే అట్టలో గుచ్చండి.

హెడ్డు నట్లు ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే విప్పాలి. బిగించే వరుసకు ఇది తలకిందులు, అంటే చివర్ల నుంచి మధ్యకు. రెండు మూడు విడతల్లో వదులు చేయండి. ఒక పక్క మొత్తం విప్పి రెండో పక్కకు వెళ్తే హెడ్డు వంపు తిరుగుతుంది. హెడ్డు రానంటే గాస్కెట్ సందులో ఉలి దిగ్గొట్టకండి. ఆ గాటు ఉన్నంతకాలం అక్కడ నీళ్లు కారుతూనే ఉంటాయి. పక్కల రబ్బరు సుత్తితో కొడుతూ, పైకెత్తే ఆసరా ఇస్తూ ఓపిక పట్టండి. పోత ఇనుప హెడ్డు బరువు తక్కువేమీ కాదు, ఇద్దరు పట్టండి.

వచ్చాక గాస్కెట్ రెండు వైపులా చూడండి. రెండు సిలిండర్ల మధ్య నల్లటి చార ఉంటే గ్యాసు దారి చేసుకున్నట్టు. ఏదైనా ఒక పిస్టన్ మాత్రం మిగతా వాటికన్నా కడిగినట్టు శుభ్రంగా ఉంటే నీళ్లు ఆ సిలిండర్‌లోకి వెళ్తున్నాయేమో అనుమానించాలి. లైనర్లు మార్చే ఉద్దేశం లేకపోతే ఇప్పుడు ఇంకో జాగ్రత్త. చుట్టూ నీళ్లు తిరిగే లైనర్లయితే స్టడ్‌లకు పెద్ద వాషర్లు వేసి వాటిని కిందికి పట్టి ఉంచండి. అలా చేయకుండా క్రాంక్ తిప్పితే పిస్టన్‌తోపాటు లైనర్ లేస్తుంది, కింది రబ్బరు పాడవుతుంది.

పిస్టన్లు, రాడ్లు: ఇక్కడ నెమ్మదించండి

ఇంజన్లు నాశనమయ్యేది ఇక్కడే. మిగతా అన్ని చోట్లా తొందరపడ్డా గాస్కెట్టో బోల్టో పోతుంది. ఇక్కడ తొందరపడితే క్రాంక్ పోతుంది.

రాడ్‌ను, దాని కింది క్యాప్‌ను తయారీలో జతగా బిగించి, ఆ తరువాతే మధ్య రంధ్రం కోస్తారు. ఆ రెండు సగాలూ కలిస్తేనే అది గుండ్రం. రెండో రాడ్ క్యాప్‌ను మూడో రాడ్‌కు పెట్టినా, సొంత క్యాప్‌నే అటుది ఇటు తిప్పి పెట్టినా బోల్టులు దిగుతాయి, బిగుసుకుంటాయి, కంటికి ఏ తేడా కనిపించదు. కానీ రంధ్రం గుండ్రంగా ఉండదు. బేరింగ్‌కూ జర్నల్‌కూ (బేరింగ్ లోపల తిరిగే క్రాంక్ భాగానికి) మధ్య నూనె నిలిచే సందు మామూలుగా 0.1 మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో కొంచెం తగ్గినా అక్కడ నూనె నిలవదు, బేరింగ్ పట్టేస్తుంది.

కాబట్టి నట్టు మీద పానా పెట్టకముందే గుర్తులు చూడండి. చాలా రాడ్లకు క్యాప్ మీద, రాడ్ మీద ఒకే వైపు అంకెలు కొట్టి ఉంటాయి. పాత ఇంజన్‌లో అవి ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఎప్పుడో మీకన్నా ముందు విప్పిన మనిషి రాడ్లు తారుమారు చేసి ఉండవచ్చు, వేరే ఇంజన్ రాడ్ తెచ్చి వేసి ఉండవచ్చు. ఒకటో సిలిండర్‌లో 3 అంకె ఉన్న రాడ్ కనిపిస్తే ఆశ్చర్యపోకుండా కాగితం మీద రాసుకోండి. అంకెలు లేకపోతే, క్యాప్ ఇంకా బిగించి ఉండగానే, రెండు సగాలు కలిసే చోటుకు అటూ ఇటూ మందంగా ఉన్న చదును మీద పంచ్‌తో చిన్న చుక్కలు పెట్టండి. ఒకటో దానికి ఒకటి, రెండో దానికి రెండు. అన్నీ ఇంజన్‌కు ఒకే పక్క ఉండాలి. గట్టిగా కొట్టనక్కర్లేదు, రాడ్ నడుము మీద అసలే కొట్టకూడదు. పెయింటుతో రాస్తామంటారు కొందరు. కడిగే తొట్టిలో నుంచి ఆ పెయింటు బయటికి రాదు. చుక్క వస్తుంది.

ఇప్పుడు పైకి వెళ్లండి. పిస్టన్ రింగులు పైకి వెళ్లి ఆగే చోట లైనర్ అరిగి, దానిపైన అరగని అంచు ఒకటి మిగిలి ఉంటుంది. గోరుతో కింది నుంచి పైకి గీరండి. గోరు ఆగితే అది మసి గట్టా, లోహపు గట్టా తేల్చుకోండి. మసి అయితే గీకితే పోతుంది. లోహం అయితే గట్టును కోసే రీమర్ తెచ్చి తీసేయాలి. తీయకుండా పిస్టన్‌ను పైకి తంతే పై రింగు ఆ గట్టుకు కొట్టుకుని రింగు విరుగుతుంది, లేదా రింగు కూర్చునే గాడి పగులుతుంది. లైనర్ ఎలాగూ పారేస్తాం కదా అని గట్టును వదిలేస్తారు. పారేసేది లైనర్, పగిలేది పిస్టన్.

తీయబోయే పిస్టన్‌ను కిందికి తెచ్చుకోండి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 1, 4 కలిసి దిగుతాయి, 2, 3 కలిసి దిగుతాయి. మూడు సిలిండర్లదైతే ఒక్కొక్కటే. క్యాప్ నట్లు పూర్తిగా తీయకుండా కొన్ని మరల మీద ఉంచి, రబ్బరు సుత్తితో బోల్టు చివర తడుతూ ఉంటే క్యాప్ వదులవుతుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకండి. క్యాప్‌ను దాని షెల్‌తో సహా చేతిలోకి తీసుకోండి.

ఇక తోసే ముందు, రాడ్‌కు బోల్టులు నిలిచి ఉంటే ఆ రెండింటికీ రబ్బరు గొట్టం ముక్కలు తొడగండి. డీజిల్ పైపు ముక్కలు చాలు. నున్నగా మెరిసే క్రాంక్ జర్నల్‌కు బోల్టు మర ఒక్కసారి గీసుకుంటే ఆ గీత కొత్త షెల్‌ను గీకుతూనే ఉంటుంది. ఇంత చిన్న పనిని ఎందుకు వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తరువాత సుత్తి చెక్క పిడిని రాడ్ కింద ఆనించి పైకి తోయండి. కింద ఒకరు తోస్తుంటే పైన ఒకరు చేతులు పెట్టి ఉండాలి. ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే బలం పెంచకండి, ఆపి కారణం చూడండి. చాలాసార్లు మీరు వదిలేసిన గట్టే కారణం.

పిస్టన్ బయటికి రాగానే, చెయ్యి తుడుచుకోవడానికి కూడా ఆగకుండా, దాని క్యాప్‌ను దానికే గుర్తులు కలిపి పెట్టి నట్లు వేలితో బిగించండి. అది అయ్యేదాకా రెండో దాని జోలికి పోవద్దు. పిస్టన్ తల మీద ముందు వైపు తెలిపే బాణం లేకపోతే మీరే గుర్తు పెట్టండి.

షెల్స్ వెనక వైపు మార్కర్‌తో నంబరు రాసి, పైదో కిందదో కూడా రాయండి. ముందు వైపు చూస్తే చాలా తెలుస్తుంది. పేలుడు బరువు రాడ్ వైపు షెల్ మీద పడుతుంది కాబట్టి అది ఎక్కువ అరగడం సహజం. బూడిద రంగు పొర పోయి రాగి రంగు కనిపిస్తుంటే దాని ఆయుష్షు తీరింది. పై షెల్ ఒక అంచున, కింది షెల్ ఎదురు అంచున అరిగితే రాడ్ వంగి ఉండవచ్చు. అలాంటి రాడ్‌కు కొత్త షెల్స్ వేసి లాభం లేదు, ముందు దాన్ని కొలిపించండి.

మిగిలినవి

టైమింగ్ కవర్ తీశాక గేర్ల మీద చుక్కలు చూడండి. మధ్యలో ఐడ్లర్ గేరు ఉంటే ఆ గుర్తులు ప్రతి చుట్టుకూ కలవవు, చాలా చుట్లకు ఒకసారి కలుస్తాయి. అవి కలిసేదాకా తిప్పుతూ కూర్చునే బదులు, ఉన్న చోటే పళ్ల మీద మీ గుర్తులు పెట్టుకోండి. ఫ్లైవీల్‌ను క్రాంక్‌తో కలిపి గుర్తు పెట్టి, రెండు పొడవాటి స్టడ్‌లు ఎక్కించి వాటి మీదుగా జరిపి దించండి. క్లచ్ దగ్గరి దుమ్మును గాలితో ఊదకండి. పాత ప్లేట్లలో, పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, తడిపి తుడవండి.

క్రాంక్ దించేముందు దాన్ని ముందుకూ వెనక్కూ నెట్టి, ఆ ఆటను ఫీలర్ గేజ్‌తో కొలిచి రాసుకోండి. మెయిన్ క్యాప్‌లకు (క్రాంక్‌ను ఇంజన్‌కు పట్టి ఉంచేవి) కూడా రాడ్ క్యాప్‌ల నియమాలే. ఇక్కడ ఎక్కువ అరిగేది కింది షెల్. థ్రస్ట్ వాషర్లు (క్రాంక్ ముందుకూ వెనక్కూ ఎక్కువ జరగకుండా ఆపేవి) ఏ క్యాప్ దగ్గర ఉన్నాయో, గాడులు ఎటు చూస్తున్నాయో ఫోటో తీయండి. దించిన క్రాంక్‌ను నిలువుగా నిలబెట్టండి, లేదా మెయిన్ జర్నల్స్ కింద దిమ్మలు పెట్టి పడుకోబెట్టండి.

జర్నల్స్‌కూ లైనర్లకూ నూనె పూసి కప్పి ఉంచండి, ఒక్క తడి రాత్రికే తుప్పు ఎక్కుతుంది. పాత గాస్కెట్లు, చిరిగినవి కూడా, పారేయకండి. కొత్త సెట్టు వచ్చాక ఒకదాని మీద ఒకటి పరిచి నీటి కన్నాలు, నూనె కన్నాలు అన్నీ కలుస్తున్నాయో లేదో చూసుకున్నాకే పాతవి చెత్తలో వేయండి.