అపెక్స్ పాఠం 7: చదివే హక్కు, మార్చే హక్కు

సేల్స్‌ఫోర్స్ ప్రోగ్రామింగ్ భాష అపెక్స్‌లో, ఒక ఫీల్డు మీద యూజర్‌కి హక్కుందా అని కోడ్‌లోనే అడగొచ్చు. పోయిన అభ్యాసంలో అలా అడిగితే చాలామందికి ఏ ఫీల్డుకైనా ట్రూయే వచ్చింది. ద్వారకానగర్ నుంచి ఒకమ్మాయి, "సార్, ఈ చెక్ ఉన్నా లేనట్టే కదా?" అంది. అడ్మిన్ లాగిన్‌తో నడపొద్దని నేను చెప్పి ఉండాల్సింది. కోడ్ ఎవరి పేరు మీద నడుస్తోందో వాళ్ల హక్కులనే స్కీమా (డేటా పట్టికల, ఫీల్డుల వివరాలిచ్చే భాగం) చెబుతుంది. అడ్మిన్‌కి దాదాపు అన్నీ తెరిచే ఉంటాయి. టెస్ట్ క్లాసులో తక్కువ హక్కులున్న యూజర్‌ని తయారుచేసి, ఆ యూజర్ పేరు మీద కోడ్ నడిపే సిస్టం.రన్‌యాజ్ లోపల అడగండి.

ఇక ఈసారి అందరూ చేసిన తప్పు. మన ఫిషింగ్ హార్బర్ బోట్లకి ఒక ఆబ్జెక్టు (డేటా పట్టిక) ఉందనుకోండి, అందులో డీజిల్ బాకీ అనే ఫీల్డు. వేలంపాట గుమస్తా బాకీ చూడొచ్చు, మార్చకూడదు. మీరు ఈజ్‌యాక్సెసబుల్ (చదవొచ్చా) అని అడిగారు, ట్రూ వచ్చింది, కింద లైన్లోనే అప్‌డేట్ కొట్టారు. గుమస్తా బటన్ నొక్కగానే బాకీ సున్నా! మీ కోడ్ సిస్టం మోడ్‌లో, అంటే యూజర్ ఫీల్డు హక్కులు పట్టించుకోకుండా నడిచింది, అడ్డుకునేవాళ్లెవరూ లేరు. "విత్ షేరింగ్ పెట్టాం కదా" అని నలుగురు రాశారు. క్లాసు మీద పెట్టే ఆ మాట ఏ రికార్డులు కనబడాలో చూస్తుంది, ఫీల్డుల జోలికి పోదు.

చదవడానికి ఈజ్‌యాక్సెసబుల్, కొత్త రికార్డులో వేయడానికి ఈజ్‌క్రియేటబుల్, ఉన్నది మార్చడానికి ఈజ్‌అప్‌డేటబుల్. మూడూ వేరువేరు ప్రశ్నలు. బాకీకి గుమస్తా దగ్గర మొదటిది ట్రూ, మూడోది ఫాల్స్. విలువ తనే లెక్కకట్టుకునే ఫార్ములా ఫీల్డుకైతే మూడోది అడ్మిన్‌కి కూడా ఫాల్సే. మార్చే ముందు మార్చే హక్కునే అడగండి, దయచేసి.

ఫీల్డు పేరు ముందే తెలిస్తే నేను గ్లోబల్ డిస్క్రైబ్ (అన్ని ఆబ్జెక్టుల జాబితా) జోలికి పోను, స్కీమా.ఎస్ఆబ్జెక్ట్‌టైప్ నుంచి నేరుగా దిగుతాను. పేరు బయటినుంచి వస్తేనే, పేరుతో ఫీల్డుని వెతికే ఫీల్డ్స్ మ్యాప్ వాడతాను. అక్కడ దొరకని పేరుకి నల్ వస్తుంది, చూసుకోండి. పది ఫీల్డులుంటే ఒక్కొక్కటీ అడగకుండా, హక్కులేని ఫీల్డులని రికార్డుల్లోంచి తీసేసే స్ట్రిప్‌ఇన్‌యాక్సెసబుల్ వాడతాను. దానికీ అప్‌డేటబుల్ అని రకం చెప్పాలి.

అభ్యాసం: ముగ్గురు యూజర్లు, ఒకరికి బాకీ కనబడదు, ఒకరికి చదవడమే, ఒకరికి మార్చడం కూడా. పర్మిషన్ సెట్లతో (యూజర్‌కిచ్చే హక్కుల మూటలు) తయారుచేసి, ముగ్గురి చేతా అదే మెథడ్ నడిపి, డేటాబేస్‌లో బాకీ మారిందో లేదో అసర్ట్‌తో సరిచూడండి. మిక్స్‌డ్ డీఎంఎల్ ఎర్రర్ (యూజర్ల లాంటి సెటప్ రికార్డులనీ మామూలు రికార్డులనీ ఒకే ట్రాన్సాక్షన్‌లో మారిస్తే వచ్చేది) వస్తే, యూజర్లనీ పర్మిషన్ సెట్లనీ పెట్టే భాగాన్ని మీ సొంత యూజర్ రన్‌యాజ్‌లోకి తీసుకెళ్లండి.