చెలకలో చెట్లు పెంచుకుంటే ఉపాధి హామీ కూలి: దరఖాస్తు విధానం

నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో (ఎర్రనేల మెట్ట చేలల్లో) పంట మధ్యన, గెట్ల (చేను గట్ల) మీద చెట్లు పెంచుకునే చిన్న రైతులకు గుంతలు తీయడం, నాటడం, నీళ్లు పోయడం లాంటి పనుల కూలి ఉపాధి హామీ కింద వస్తుంది. దరఖాస్తు రాయడం పెద్ద పనేం కాదు. టెన్షన్ అంతా టైం దగ్గరే. తొలకరి పడ్డాక వెళ్లి అడిగితే ‘వచ్చే ఏడాది చూద్దాం’ అంటారు. ఎందుకంటే పనుల ప్రణాళిక అక్టోబర్ 2 నుంచి జరిగే గ్రామసభల్లోనే తయారవుతుంది. మీ పేరు, సర్వే నంబరు ఆ తీర్మానంలో ఎక్కాలి. చదివి వినిపించేదాకా కదలకండి.

జాబ్ కార్డు తప్పనిసరి. ఎస్సీ, ఎస్టీ, పేద కుటుంబాలకు, మహిళే ఇంటిపెద్దగా ఉన్నవాళ్లకు ముందు వరుస, తర్వాత 5 ఎకరాల లోపు రైతులకు. ఇంట్లో ఒక్కరైనా ఆ పనిలో దిగాలి. భూమి నాది, చాకిరీ ఊరోళ్లది అంటే కుదరదు.

తెల్లకాగితం మీద సర్వే నంబరు, విస్తీర్ణం, నీటి వసతి, ఏ మొక్కలు ఎక్కడ నాటుతారో రాసి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, జాబ్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు జతచేసి, తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. పట్టా ఇంకా చనిపోయిన నాన్న పేరు మీదే ఉంటే ముందు విరాసత్ (వారసుల పేరుకు మార్పు) చేయించుకోవాలి.

ఆ తర్వాత ఉపాధి హామీ టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి కొలతలు తీసి అంచనా వేస్తారు. మంజూరై మస్టర్ (కూలీల హాజరు పట్టీ) తెరిచేదాకా గడ్డపార పట్టకండి. ముందే తవ్వుకున్న గుంతలకు కూలి రాదు.

మొక్క రకం మాత్రం మీరే తేల్చుకోండి. నర్సరీలో మిగిలినవి తెచ్చుకోవద్దు. నీళ్లు తక్కువుంటే బాలానగర్ సీతాఫలం నయం, ఆకు మేకలు ముట్టవు. బత్తాయికి మాత్రం నమ్మకమైన బోరు ఉండాలి. మామిడి 10 మీటర్ల ఎడంతో పెడితే ఎకరాకు 40 చెట్లు పడతాయి. మొదటి నాలుగైదేళ్లు సాళ్ల మధ్య కంది, పెసర, ఉలవ వేసుకోవచ్చు. గెట్ల మీద గిరిపుష్పం వేస్తే కొమ్మలు నరికి పచ్చిరొట్టగా తొక్కించవచ్చు. టేకు పెడితే పక్క చేను రైతుతో ముందే మాట్లాడుకోండి. ఉత్తరం గెట్టున నాటితే మీ పంటకు ఎండ తగ్గదు గానీ, యాసంగిలో ఆ నీడంతా ఆయన చేను మీద పడుతుంది. గెట్టు పంచాయితీలు ఇలాగే మొదలవుతాయి. రేపు టేకు, శ్రీగంధం నరకాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి, నాటినప్పటి కాగితాలు భద్రంగా ఉంచుకోండి.

తర్వాతి సంవత్సరాల నిర్వహణ డబ్బులు బతికిన మొక్కల లెక్కనే వస్తాయి. కాబట్టి వేసవిలో ఎన్నింటికి నీళ్లు మోయగలరో అన్నే రాయండి.

దరఖాస్తు కదలకపోతే ఎంపీడీవో ఆఫీసులో ఏపీవోను (ఉపాధి హామీ పనులు చూసే అధికారిని) కలవండి. అక్కడా పని కాకపోతే, రసీదు జిరాక్సు జతచేసి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి.