హైదరాబాద్‌లో పిల్లాపాపలతో తిరిగేటప్పుడు ఎక్కడ తినాలి?

చార్మినార్ దిగేసరికి పిల్లలకు ఆకలి దంచేస్తుంది. అప్పుడు వెతకడం మొదలుపెడితే ఎదురుగా మెరిసే బోర్డు కిందికే దూరతాం. ముందే మెయిన్ రోడ్డు వదిలి ఒకటి రెండు సందులు లోపలికి నడవండి. చుట్టుపక్కల కొట్లలో పనిచేసేవాళ్లు తింటున్న హోటలైతే నమ్మొచ్చు. రోజూ వచ్చేవాడు పాచి కూర పెడితే ఊరుకోడు మరి.

టిఫిన్‌కైతే ముందు ఒక్క ప్లేటు ఇడ్లీ చెప్పి చట్నీ నాలిక్కి తగిలించండి. పులిసిన వాసన వస్తే లేచిపోండి, పోయేది ఆ ఒక్క ప్లేటే.

బిర్యానీకి మధ్యాహ్నం పన్నెండున్నర మంచి వేళ, హండీ వేడివేడిగా ఉంటుంది. నాలుగింటికి వెళ్తే మిగిలేది ఎండిన అన్నం, పీచుముక్కలు. మనిషికో ప్లేటు వద్దు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలైతే రెండు ప్లేట్లు తెప్పించి, చాలకపోతే మళ్లీ చెప్పండి. మసాలా అడుగున ఉంటుంది కాబట్టి పిల్లలకు పైన తెల్లగా ఉన్న అన్నం పెట్టండి. మిర్చీ కా సాలన్ వాళ్ల దరిదాపులకు రానివ్వొద్దు.

బిల్లులో 5 శాతం జీఎస్టీ మామూలే. సర్వీస్ ఛార్జీ మాత్రం తప్పనిసరి కాదు, తీసేయమనండి.