అమెరికా నుంచి హైదరాబాద్‌కు: ఏ విమానం ఎక్కాలి, ఎక్కడ ఆగాలి

టికెట్ల సైటులో ధరల వరుస చూసి, పైనున్న చవక టికెట్ మీద వెంటనే నొక్కేయకండి. ఆ టికెట్ అంత చవగ్గా ఎందుకు వస్తోందో ముందు చూడాలి. రెండు చోట్ల ఆగడమో, పదిహేను గంటల లేఓవరో (తర్వాతి విమానం కోసం మధ్యలో ఆగడం), సామాను కోత పెట్టిన టికెట్టో, రెండు వేర్వేరు టికెట్లను అతికించి ఒకటిగా చూపించడమో, ఏదో ఒకటి ఉంటుంది. మొదటి మూడూ ఓర్చుకోగలిగినవే. నాలుగోది మాత్రం వద్దు.

వేర్వేరు టికెట్లంటే ఏమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. సైటులో 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అనే మాట కనిపించినా, వెళ్లే దారికే రెండు పీఎన్ఆర్‌లు వచ్చినా అవి వేర్వేరు టికెట్లు అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే టికెట్ అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. సామానుకు శంషాబాద్ దాకా ట్యాగ్ వేస్తారు. వేర్వేరు టికెట్లయితే రెండో ఎయిర్‌లైన్ లెక్కలో మీరు రాని ప్రయాణికులు. ఆ టికెట్‌లో మిగిలిన ప్రయాణం, తిరుగు ప్రయాణంతో సహా, రద్దయిపోతుంది. పైగా మధ్యలో పెట్టెలు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలంటే ఆ దేశంలోకి అడుగు పెట్టాలి, అందుకు వీసా కావాల్సి రావచ్చు. కావాల్సిన వీసా లేకపోతే అమెరికాలోని కౌంటర్ దగ్గరే బోర్డింగ్ పాస్ ఇవ్వకుండా ఆపేయొచ్చు.

ఢిల్లీ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి హైదరాబాద్‌కు విడిగా ఇంకో దేశీయ టికెట్ కొనడం కూడా ఇలాంటిదే. అమెరికా టికెట్‌లో 23 కిలోల పెట్టెలు రెండు తెచ్చుకోనిచ్చినా, విడిగా కొన్న దేశీయ టికెట్‌కు మామూలుగా 15 కిలోలే ఇస్తారు. మిగతా 31 కిలోలకు కౌంటర్ దగ్గర కిలో లెక్కన కట్టాలి, మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది. అదే ఒకే టికెట్ మీద వస్తే, అమెరికాలో మొదలయ్యే ప్రయాణానికి మొదట వర్తించిన సామాను నిబంధనే చివరిదాకా వర్తించాలని అమెరికా రవాణా శాఖ నిబంధన ఉంది.

ఎక్కడ ఆగాలి

శంషాబాద్‌కు విదేశీ ఎయిర్‌లైన్లు చాలానే వస్తాయి: దుబాయ్ నుంచి ఎమిరేట్స్, దోహా నుంచి ఖతార్, అబుదాబి నుంచి ఎతిహాద్, లండన్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లుఫ్తాన్సా, సింగపూర్ నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్, హాంకాంగ్ నుంచి క్యాథే పసిఫిక్. కాబట్టి అమెరికాలోని పెద్ద నగరాల నుంచి ఒక్కచోట ఆగి హైదరాబాద్ చేరడానికి దారులకు కొదవలేదు.

న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఉన్నవారికి యూరప్ దారి ప్రయాణాన్ని దాదాపు సగానికి విరుస్తుంది. లండన్‌కు సుమారు ఏడు గంటలు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తొమ్మిది గంటల పైమాట. గల్ఫ్ దారిలో ముందు పన్నెండు పదమూడు గంటలు ఏకబిగిన, తర్వాత నాలుగు గంటల లోపు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సగానికి విరిగే దారి నయం. పసిపిల్లలతో వెళ్లేవారికి గల్ఫ్ దారి మేలు, ఆ పొడవాటి విమానంలో పిల్లలు ఒక నిద్ర పూర్తిగా పోతారు. యూరప్ దారిలో సరిగ్గా గాఢనిద్రలోకి జారుకున్నాక లేపి దింపాల్సి వస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ వైపు వారు పసిఫిక్ మీదుగా కూడా చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దుబాయ్‌కి దాదాపు పదహారు గంటలు, సింగపూర్‌కు అంతకంటే కాస్త ఎక్కువ. హాంకాంగ్ పద్నాలుగు పదిహేను గంటల్లో వస్తుంది, కానీ అక్కడి నుంచి హైదరాబాద్‌కు ఇంకో ఆరు గంటలు కూర్చోవాలి. మొత్తం గంటల్లో తేడా పెద్దగా లేదనిపిస్తే, లేఓవర్ ఏ వేళ పడుతుందో చూసి తేల్చుకోండి.

ఢిల్లీ, ముంబై మీదుగా వచ్చేవారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. విదేశం నుంచి వచ్చి దేశీయ విమానం ఎక్కేటప్పుడు మామూలుగా ఇమిగ్రేషన్ అక్కడే ముగించి, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ సామాను అప్పగించి, సెక్యూరిటీకి వెళ్లాలి. దీనికి నాలుగు గంటలు లేకపోతే హడావుడే. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుని విమానాలు గంటల తరబడి నిలిచిపోతాయి, సరిగ్గా మనం సంక్రాంతికి వచ్చే రోజుల్లోనే. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేశాక ఎయిర్ ఇండియా అమెరికా సర్వీసులు చుట్టుదారి పట్టి ఎక్కువసేపు తీసుకున్నాయి, కొన్ని మధ్యలో ఇంధనం కోసం ఆగాయి. అయినా విశాఖ, తిరుపతి, గన్నవరం వెళ్లేవారికి ఢిల్లీ, ముంబై దారి తప్పేమీ కాదు. ఎటూ దేశీయ విమానం మారాల్సిందే కదా. శంషాబాద్‌లో అయితే విదేశీ, దేశీయ విమానాలు రెండూ ఒకే టెర్మినల్, మారడం కొంత తేలిక.

గల్ఫ్‌కూ ఒక లోపం ఉంది. ఆ ప్రాంతంలో ఉద్రిక్తతలు వస్తే గగనతలం ఒక్కసారిగా మూతపడుతుంది. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు మూసేసరికి ఎక్కడి ప్రయాణికులు అక్కడే ఆగిపోయారు. వేర్వేరు టికెట్లు వద్దనడానికి ఇది ఇంకో కారణం.

వీసా స్టాంపు గడువు

భారతీయ పాస్‌పోర్టుతో ప్రయాణించేవారు ట్రాన్సిట్ వీసా సంగతి టికెట్ కొనకముందే తేల్చుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, గడువున్న అమెరికా వీసా స్టాంపు ఉన్నవారికి లండన్‌లో, యూరప్ విమానాశ్రయాల్లో లోపలే ఉండి విమానం మారడానికి సాధారణంగా మినహాయింపు దొరుకుతుంది. చిక్కంతా స్టాంపు గడువు తీరి, ఐ-797 అనే ఆమోద పత్రం మీద ఉద్యోగం చేస్తూ, కొత్త స్టాంపు కోసమే ఇండియా వస్తున్న హెచ్-1బి (ఉద్యోగ వీసా) వారికి. ఐ-797 వీసా కాదు, చాలా దేశాలు దాన్ని లెక్కలోకి తీసుకోవు. ఈ నిబంధనలు దేశానికొకటి, తరచూ మారతాయి. మీరు ఆగే దేశపు ఎంబసీ సైటులో ప్రయాణానికి ముందు చూసుకోండి, స్నేహితుడు పోయినేడాది ఎలా వెళ్లాడన్నది ఆధారం కాదు. స్టాంపు లేనివారికి మా సలహా గల్ఫ్ దారే. దుబాయ్, దోహా, అబుదాబిల్లో ఒకే టికెట్ మీద, విమానాశ్రయం దాటకుండా మారేందుకు వీసా అక్కర్లేదు.

కనెక్షన్‌కు ఎన్ని గంటలు

ఎయిర్‌లైన్ అమ్ముతోంది కదా అని గంటా పది నిమిషాల కనెక్షన్ కొనకండి. అది కాగితం మీద చెల్లుతుంది. మీరు పరుగెత్తి చేరినా మీ పెట్టెలు చేరకపోవచ్చు. గల్ఫ్‌లో రెండు నుంచి మూడున్నర గంటలు సరిపోతుంది. లండన్ హీత్రోలో టెర్మినల్ మారాల్సి ఉంటే మూడు గంటలు ఉంచుకోండి, బస్సెక్కి వెళ్లి మళ్లీ సెక్యూరిటీ తనిఖీ దాటాలి. దుబాయ్‌లో ఎమిరేట్స్ నుంచి ఫ్లైదుబాయ్‌కి మారే టికెట్లయితే టెర్మినల్ కూడా మారుతుందేమో చూడండి.

తిరుగు ప్రయాణంలో లెక్క వేరు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ అప్పగించడం, సెక్యూరిటీ అన్నీ ఉంటాయి. అక్కడి నుంచి ఇంకో విమానం ఉంటే మూడు గంటలకు తగ్గొద్దు. అబుదాబి నుంచి వెళితే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే ముగుస్తుంది, అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా బయటికి నడిచి వెళ్లిపోవచ్చు. అందుకు ప్రతిగా అబుదాబిలో కనీసం మూడు గంటల కనెక్షన్ తీసుకోండి.

కావాలని ఒకట్రెండు రోజులు ఆగాలంటే

ఇరవై నాలుగు గంటల లోపు ఆగితే అది లేఓవర్, దాటితే స్టాప్‌ఓవర్. ధర లెక్కలు ఈ గీత దగ్గర మారతాయి. వెతికేటప్పుడు 'మల్టీ-సిటీ' ఎంచుకుని అమెరికా–దుబాయ్, రెండు రోజుల తర్వాత దుబాయ్–హైదరాబాద్, చివర తిరుగు ప్రయాణం, ఇలా మూడు వరుసలు పెట్టి చూడండి. మామూలు రానుపోను ధరతో పోల్చి తేడా తక్కువైతే తీసుకోండి. సింగపూర్‌లో గడువున్న అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉన్న భారతీయులకు, ముందుకు వెళ్లే టికెట్ ఉంటే, 96 గంటల వరకు వీసా లేకుండా ఊళ్లోకి వెళ్లే సౌకర్యం ఉంది.

స్టాప్‌ఓవర్ ఇండియాకు వచ్చేటప్పుడే పెట్టుకోండి, వెళ్లేటప్పుడు వద్దు. స్టాప్‌ఓవర్‌లో పెట్టెలు మీ చేతికొస్తాయి, ఆ దేశపు కస్టమ్స్ దాటాలి. వచ్చేటప్పుడు వాటిలో ఉండేవి చాక్లెట్లు, బట్టలు. వెళ్లేటప్పుడు అమ్మ కట్టిచ్చిన పొడులు, పచ్చళ్లు, మసాలా దినుసులు. వాటిలో గసగసాలు ఉంటే ప్రమాదమే. మనకది కూరలో వేసే దినుసు, యూఏఈలో, సింగపూర్‌లో మత్తుపదార్థాల చట్టం కిందికి వచ్చే నిషిద్ధ వస్తువు. విమానం మారి వెళ్లిపోయేవారు కూడా గసగసాలు పెట్టెలో పెట్టకండి. కొడీన్, ట్రమడాల్ ఉన్న మందుల విషయంలోనూ గల్ఫ్‌లో అంతే జాగ్రత్త కావాలి. ఇక అమెరికా చేరాక కరివేపాకు, మామిడిపండ్లు తీసేసుకుంటారు. ఆవకాయ, గోంగూర పచ్చడి వెళ్తాయి, కానీ అడిగిన చోట ఆహారం ఉందని చెప్పాలి. నూనె కారకుండా పచ్చడి డబ్బా రెండు సంచుల్లో కట్టి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. చేతిసంచిలో నెయ్యి, పచ్చడి రెండూ ద్రవాల కిందికే వస్తాయి, 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గర పారేయిస్తారు.

అమ్మానాన్నలను ఒంటరిగా పంపేటప్పుడు

ఇంగ్లిష్ అంతగా రాని పెద్దవాళ్లకు ధర, గంటలు రెండూ పక్కన పెట్టి, ఒక్కచోట మాత్రమే ఆగే, ఒకే టెర్మినల్‌లో మారే దారి చూడండి. దోహా, అబుదాబి ఈ పనికి బాగుంటాయి. వీల్‌చెయిర్ సేవ 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి రాయించుకోండి, మెట్లు ఎక్కగలరో లేదో కూడా చెప్పండి. టికెట్ ప్రింటులో ఆ సంగతి రావాలి.

శాకాహారులైతే భోజనం ముందుగా చెప్పాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు: 'హిందూ మీల్' అంటే గొడ్డుమాంసం లేని భోజనమే, అందులో కోడి, చేప, గుడ్డు ఉండొచ్చు. మీకు కావాల్సింది 'ఏషియన్ వెజిటేరియన్', దాని కోడ్ ఏవీఎంఎల్. ఉల్లి, వెల్లుల్లి తినని వారికి జైన్ భోజనం, వీజేఎంఎల్. ప్రయాణానికి కనీసం ఒకరోజు ముందు నమోదు కావాలి.

దిగే వేళ కూడా చూడండి. గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగుతాయి. విజయవాడ అక్కడి నుంచి సుమారు 270 కిలోమీటర్లు. ఇరవై గంటల ప్రయాణం తర్వాత మూడు గంటలప్పుడు, నిద్రలేని డ్రైవర్‌తో ఆ హైవే మీద బయల్దేరకండి. ఉదయం ఎనిమిదికి దిగే విమానం కొంచెం ఖరీదైనా తీసుకోండి, లేదా హైదరాబాద్‌లో కొన్ని గంటలు పడుకుని వెళ్లండి.

కొన్న వెంటనే

అమెరికాలో ఎయిర్‌లైన్ సైటులోనే నేరుగా, ప్రయాణానికి ఏడు రోజులకు ముందు కొంటే, 24 గంటల్లో రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు (కొన్ని ఎయిర్‌లైన్లు దానికి బదులు కొనకముందే 24 గంటలు ధర పట్టి ఉంచుతాయి). ఆ ఒక్కరోజును తప్పులు వెతకడానికి వాడండి. మొదట పేరు: ఇంటిపేరు, అసలు పేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఉన్నాయో టికెట్‌లోనూ ఆ గడిలోనే ఉండాలి. మన పేర్లలో ఇవి తారుమారు కావడం మామూలే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు ఎయిర్‌లైన్‌ను అడిగి నింపండి. యూఏఈ ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని 2022 నవంబరు నుంచి అనుమతించడం లేదు. తర్వాత తేదీ: శంషాబాద్ నుంచి 15వ తేదీ తెల్లవారుజామున మూడింటికి విమానమంటే 14 రాత్రే ఇంటి నుంచి బయల్దేరాలి. 15 రాత్రి వచ్చి విమానం వెళ్లిపోయిందని తెలుసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఆ తర్వాత నెలకోసారి బుకింగ్ తెరిచి చూడండి. వేళలు మారితే మెయిల్ వస్తుంది, అందులో 'అంగీకరిస్తున్నాను' అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కే ముందు కొత్త కనెక్షన్ ఎన్ని గంటలో లెక్కపెట్టండి. అమెరికాకు వచ్చే, అక్కడి నుంచి వెళ్లే అంతర్జాతీయ ప్రయాణంలో బయల్దేరే వేళ ఆరు గంటలు లేదా అంతకంటే ముందుకు వచ్చినా, చేరే వేళ ఆరు గంటలు లేదా అంతకంటే ఆలస్యమైనా, ఆగే చోట్లు పెరిగినా, ఆ మార్పు వద్దని డబ్బు వెనక్కి అడిగే హక్కు మీకుంది. ఒకసారి అంగీకరించాక ఆ హక్కు పోతుంది.